వైండింగ్ షాపు నుంచి సెన్సర్ల పరిశోధన దాకా

విజయనగరంలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు సెలవుల్లో మా మావయ్య వైండింగ్ షాపులో కూర్చునేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కాలిపోయిన పంపుసెట్ మోటార్లు వచ్చేవి. "విప్పడం కాదు బావూ, ముందు ఎలా కాలిందో చూడు" అనేవాడు మావయ్య. స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల కాయిళ్ల కొసలూ ఒకచోట కలిపే పద్ధతి) మోటారుకి కరెంటులో ఒక ఫేజు పోయుంటే రెండు ఫేజుల కాయిళ్లు బొగ్గులా మాడి, మూడోది మాత్రం కొత్తదానిలా మెరుస్తుండేది. డెల్టా, అంటే కాయిళ్లని త్రికోణంలా కలిపిందైతే, ఒక్క ఫేజు కాయిలే మాడేది. మోటార్ల మీద నాకు మనసు పడింది అక్కడే.

బీటెక్, ఎంటెక్ అయ్యాక పూణేలో ఒక కంపెనీ పరిశోధన విభాగంలో చేరాను. ఎలక్ట్రిక్ స్కూటర్ల హబ్ మోటారులో (చక్రంలోనే ఇమిడిపోయే మోటారు) రోటరు, అంటే తిరిగే భాగం, ఏ కోణంలో ఉందో చెప్పే హాల్ సెన్సర్లు నా పని. అయస్కాంతం దగ్గరికొస్తే, కరెంటు పారుతున్న పలకకి అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టాడు. మోటారులో అలాంటి సెన్సర్లు మూడుంటాయి.

కష్టమంతా వాటిని అమర్చడంలోనే. 46 అయస్కాంతాలున్న చక్రంలో 23 జతలు. ఎలక్ట్రికల్ లెక్కలో ఒక్కో జతకీ 360 డిగ్రీలు కాబట్టి, సెన్సరు ఒక్క డిగ్రీ పక్కకి జరిగితే అది 23 డిగ్రీల తేడా. అదే కరెంటుకి టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) దాదాపు 8 శాతం పడిపోతుంది. దాన్ని పూడ్చడానికి కరెంటు పెంచితే మోటారు వేడెక్కుతుంది, వేడికి నియోడిమియం అయస్కాంతాల బలం ఇంకా తగ్గుతుంది. నన్నడిగితే మోటారు డిజైన్ కంటే దీనికే ఎక్కువ ఓపిక కావాలి. సెన్సరు బోర్డులు వేడి పరీక్షకి హీట్ ఛాంబర్‌లో ఉన్నంతసేపూ, రీడింగ్ ఎటు పోతుందోనని ఒకటే టెన్షన్.

ఇప్పుడు విజయనగరం తిరిగొచ్చి ఇంజనీరింగ్ పిల్లలకి ప్రాజెక్టులు చేయిస్తున్నాను. మొన్న భోగాపురం వైపు నుంచి ఒక స్కూటరు వచ్చింది. కుదుపులతో నడుస్తోంది, మోటారే మార్చాలన్నారట. తాళం ఆన్ చేసి, చక్రం చేత్తో మెల్లగా తిప్పుతూ మూడు సిగ్నల్ వైర్లూ మల్టీమీటరుతో చూడమన్నాను. ఒక్కోటీ సున్నాకీ 5 వోల్టులకీ మధ్య మారుతుండాలి. సెన్సర్ల మధ్య ఎలక్ట్రికల్ లెక్కలో 120 డిగ్రీల ఎడం ఉండే అమరికలో మూడూ ఒకేసారి సున్నాగానీ, మూడూ ఒకేసారి 5 గానీ రాకూడదు. ఒక వైరు అసలు కదల్లేదు. ఒకమ్మాయి కనెక్టరు విప్పి, పిన్ను మీద పచ్చగా పట్టిన చిలుము చూపించింది. కనెక్టరు మార్చాక బండి నున్నగా నడిచింది.

ఈ ఏడాది వాళ్ల ప్రాజెక్టు అదే: మన తీరం ఉప్పుగాలికి ఏ రకం కనెక్టరు ఎక్కువకాలం నిలుస్తుందో కొలవడం.