అక్క రిపోర్టు చూసినప్పటి నుంచి ఇదే ఆలోచన

మా అక్కకి 48, అనంతపురంలోనే ఉంటుంది, నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు, ఫ్యాన్ కింద కూడా జాకెట్టు తడిసిపోయేది, వయసు కదా అనుకున్నాం గానీ మొన్న రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 168 వచ్చింది, ఎప్పుడూ 110 దాటని మనిషికి. తిండేం మారలేదు, అదే రాగి సంగటి, అదే పప్పు.

డాక్టరమ్మ చెప్పిందేందంటే, ఈస్ట్రోజెన్ అనే ఆడోళ్ళ హార్మోను ఉన్నన్ని రోజులు చెడ్డ కొలెస్ట్రాల్‌ని రక్తంలోంచి లివర్ బాగా లాగేస్తాది, అది తగ్గేసరికి ఎల్‌డీఎల్ పెరుగుతుంది, రక్తనాళాలు బిరుసెక్కుతాయి, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది, ఇవన్నీ గుండెకి రిస్కే అని.

మన పక్క చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నోళ్ళు ఎంతమందో, అండాశయాలు కూడా తీసేసింటే గుండెకి ఈ రిస్కు ఇంకా ముందే మొదలైతుంది, ఆ మాట వాళ్ళకి ఎవరైనా చెప్పినారా అని చానా బాధైతాంది. ఇంకోటి, ఆడోళ్ళకి గుండెపోటులో ఎదనొప్పి ఒక్కటే కాదు, దవడ నొప్పి, వీపు నొప్పి, ఆయాసం, వాంతి వచ్చేట్టు ఉండటం కూడా ఉంటాయి, గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దండి, వెంటనే ఆసుపత్రికి పోండి.

అక్కలూ, 45 దాటినోళ్ళు బీపీ, షుగరు, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష) చేయించుకోండి. మా అక్క పొద్దున్నే నడుస్తాంది, మళ్ళీ టెస్టుకి నేనే తోడు పోతా.