గన్నవరం నుంచి విశాఖ నిజంగా గంట ప్రయాణమేనా?

మేం ఉండేది విజయవాడ పటమటలో. అమ్మాయి కాపురం విశాఖ గాజువాకలో. అందుకే ఈ రెండు ఊళ్ల మధ్య దూరాలు నాకు కంఠతా వచ్చు. విజయవాడ నుంచి విశాఖకు రైల్లో 350 కిలోమీటర్లు. ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట, తుని అన్నీ పలకరించుకుంటూ పోతుంది. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం నుంచి విశాఖ విమానాశ్రయానికి గాలిలో తిన్నగా కొలిస్తే సుమారు 290. అంటే కలిసొచ్చే దూరం ఓ అరవై కిలోమీటర్లే.

ఈ దారిలో తిరిగే పంకాల చిన్న విమానం ఏటీఆర్ గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ లెక్కన 35 నిమిషాలు చాలు. టికెట్ మీద మాత్రం గంట, కాస్త పైన కూడా వేస్తారు. విమానం స్టాండ్ నుంచి కదిలింది మొదలు అక్కడ ఆగేదాకా ఉన్నదంతా అందులోకే వస్తుంది మరి. రన్‌వే దాకా మెల్లగా పోవాలి, పైకెక్కాలి, దిగేముందు వేగం తగ్గించుకుని రన్‌వేకి ఎదురుగా రావాలి. ఇంత దగ్గరి ఊళ్లకు జెట్ విమానమైనా పెద్దగా ఒరిగేదేమీ లేదు. పైకెక్కి కుదురుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి.

నా మాట వింటే ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేసుకోండి. పటమట నుంచి గన్నవరం అరగంట పైనే. కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందుండాలి. గంట ప్రయాణం, సామానుకు ఇరవై నిమిషాలు, అక్కడి నుంచి గాజువాకకు ఇంకో ఇరవై. మొత్తం నాలుగు గంటలు. వందే భారత్‌కి స్టేషన్ నుంచి స్టేషన్‌కే నాలుగు గంటలు పడుతుంది. ఇటు పటమట, అటు గాజువాక కలుపుకుంటే అయిదు దాటుతుంది. మాకు విమానమే నయం. పైగా మా ఆవిడ మోకాళ్లకు స్టేషన్ వంతెన మెట్లు పెద్ద శిక్ష. అదే విజయవాడ వన్‌టౌన్ నుంచి విశాఖ డాబాగార్డెన్స్ వెళ్లేవాళ్లయితే, రెండూ స్టేషన్లకు దగ్గరే కాబట్టి హాయిగా రైలెక్కండి, తేడా ఏమంత ఉండదు.

విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది. పౌర విమానాలు వాళ్ల అవసరాలకు తగ్గట్టు వేళలు సర్దుకోవాలి. అందుకే విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త విమానాశ్రయం తలపెట్టారు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు అది ఎంతో మేలు, ఎప్పుడో రావలసింది. గన్నవరం నుంచి అక్కడికి గాలిలో పెరిగే దూరం నలభై కిలోమీటర్లే, ఏటీఆర్‌కి అయిదు నిమిషాల పని. కష్టమంతా నేల మీదే. భోగాపురంలో దిగి ఆనందపురం, హనుమంతవాక మీదుగా ఊరంతా దాటి గాజువాక చేరాలంటే గంటన్నర తక్కువ పట్టదు. మేం మిగుల్చుకునే గంటా గంటన్నరా అక్కడే హరించుకుపోతుంది. విమానాలన్నీ అక్కడికి మారితే మాకు దువ్వాడలో ఆగే రైలే మేలు. స్టేషన్ నుంచి అమ్మాయి ఇల్లు దగ్గరే, అల్లుడు బండి వేసుకుని వస్తాడు.