కుర్చీ కాళ్ళ కింద

పదకొండున్నర దాటింది, నడుం లాగేస్తోంది, లైటు ఆపి పడుకున్నాక గుర్తొచ్చింది, కుర్చీ కాళ్ళ అడుగున, తుప్పు పట్టకుండా పెయింటుకి ముందు వేసే ప్రైమర్ వెయ్యలేదు. రెండు ఇనప గొట్టాల కుర్చీలు, ఎనిమిది కాళ్ళు, ఒక్కదానికీ వెయ్యలేదు. పైనంతా ముదురాకుపచ్చ నిగనిగలాడుతోంది, చూసేవాళ్ళు అదే చూస్తారు, నాకు మాత్రం కళ్ళు మూస్తే ఆ ఎనిమిది గొట్టాల మూతులే కనిపిస్తున్నాయి.

నాన్నయితే ముందు తిరగేసేవారు. కుర్చీ తలకిందులుగా పెట్టి, రెండు కాళ్ళు నన్ను పట్టుకోమని, కాళ్ళ చివర తొడిగే రబ్బరు బుష్‌లు ఒక్కొక్కటే పీకి సుత్తితో గొట్టం మీద టకటకా కొట్టేవారు, తుప్పు పెచ్చులు, ఒక్కోసారి ఎప్పటిదో వాననీళ్ళు కూడా కారేవి. తర్వాత పుల్లకి గుడ్డ చుట్టి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌లో ముంచి గొట్టం లోపల తిప్పేవారు. నాకు చేతులు పీకేసేవి, టర్పెంటైన్ వాసనకి తల తిరిగేది, ఎవరికీ కనపడని చోట ఇంతసేపు ఎందుకని ఏడుపొచ్చేది. "పైన పడ్డ నీళ్ళు జారిపోతాయమ్మా, కాలులో నిలిచినవే లోపల్నుంచి తినేస్తాయి" అనేవారు. ఆ కుర్చీలే ఇవి. నీలం రంగు మీద తెలుపు, తెలుపు మీద ఇప్పుడు నా ఆకుపచ్చ. పాత పెయింట్లలో సీసం ఉండేది కదా, అందుకే ఈసారి మాస్క్ పెట్టుకుని వాటర్ పేపర్‌తో తడిగానే రుద్దాను, చిన్నదాన్ని ఆ దరిదాపులకి రానివ్వలేదు. ఇంత జాగ్రత్త పడినదాన్ని అడుగు ఎలా మర్చిపోయానో!

అసలు ఈయన వల్లే. నిన్న పొద్దున మొదటి కోటు వేసి, ఇరవై నాలుగు గంటలు ముట్టుకోవద్దండీ, డబ్బా మీద కూడా అదే రాసుంది అని చెప్పానా, గంటకోసారి వచ్చి ఆరిందా అని బొటనవేలితో నొక్కడం, నొక్కిన ప్రతిచోటా ముద్ర, నేను మళ్ళీ ఆ ముక్క రుద్దుకోవడం, పైగా "ఇంత కష్టం ఎందుకు, కొత్తవి కొనేద్దాం" అనొకటి. ఆ మాట నాకు ఎక్కడ తగులుతుందో ఇన్నేళ్ళయినా తెలీదా? తెలుసు. తెలిసే అంటారు. సాయంత్రం గట్టిగానే అరిచాను, చేతులు కట్టుకుని కూర్చోలేరా అని.

కానీ టైప్ చేస్తుంటే ఇంకోటి తోస్తోంది. రెండో కుర్చీ వీపు దగ్గర పెయింటు ముడతలు పడింది, అది ఆయన వేలు కాదు, నేనే. మబ్బు పట్టిందని కంగారుపడి మొదటి కోటు వేసిన ఆరుగంటలకే రెండో కోటు మందంగా లాగించేశాను. కింద పొర లోపల పచ్చిగా ఉంటే పైకోటులో థిన్నర్ దాన్ని మెత్తబరిచి ఉబ్బిస్తుంది, పాలమీద మీగడలా ముడుచుకుపోతుంది. ఇప్పుడది వారం పాటు గట్టిపడనిచ్చి, రుద్ది మళ్ళీ వెయ్యాలి. ఆ కోపమూ ఆయన మీదే పోసేశాను, పాపం.

కుషన్లు మాత్రం బాగా కుదిరాయి. పోయినసారి కాటన్ కుట్టి ఏమయిందో తెలుసుగా, ఎండకి వెలిసి, వానకి నల్లమచ్చలు. ఇది ఎక్రిలిక్ గుడ్డ, దారం తియ్యకముందే రంగు కలిపేస్తారు కాబట్టి లోపలిదాకా అదే రంగు ఉంటుంది, అంత తొందరగా వెలవదు. పాలిస్టర్ దారంతోనే కుట్టాను, కాటన్ దారం ఎండకీ తడికీ చివికిపోతుంది. జిప్పు అడుగువైపు. చిన్నది ఒక కుషన్ పట్టుకునే నిద్రపోయింది.

ఇంతవరకూ రాసి, ఆగలేక టార్చ్ తీసుకుని వెళ్ళొచ్చాను. మూడు బుష్‌లు లేనేలేవు, రెండు చీలిపోయాయి. ఒక కాలు కొడితే గుప్పెడు తుప్పు రాలింది. ఇప్పుడే రెడ్ ఆక్సైడ్ పూసేద్దామనుకున్నా గానీ మంచు కురుస్తోంది, తడిమీద ప్రైమర్ నిలవదు. తలకిందులుగా వదిలేస్తే వానొస్తే గొట్టాలు నిండుతాయి, అందుకని లోపలికి తెచ్చి నిలబెట్టాం. పెట్టాం అంటే, చప్పుడుకి ఈయన లేచొచ్చి, ఏమీ అడక్కుండా, పెయింటు తగలకుండా కాళ్ళ చివర పట్టుకుని మోశారు. సారీ చెప్పలేదు నేనింకా.

బుష్‌లు ఎనిమిది, కాలు బయటి కొలత 25 మిల్లీమీటర్లు. పొద్దున్నకి మర్చిపోతానని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నా.