కోటిపల్లి రేవు నుంచి కొచ్చి జెట్టీ దాకా

మా ఊరు ముక్తేశ్వరం వైపు. రాజమండ్రి వెళ్లాలన్నా కాకినాడ వెళ్లాలన్నా మాకు దగ్గర దారి గోదారి దాటడమే. ఇటు ముక్తేశ్వరం రేవు, అటు కోటిపల్లి రేవు, మధ్యలో పంటు, అంటే బల్లపరుపుగా ఉండే పెద్ద పడవ. మోటారు సైకిళ్లు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు, కాలేజీ పిల్లలు, అందరూ దాని మీదే. పంటు ఎక్కాక భయం లేదు. బాధంతా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే. ఒడ్డు ఒక ఎత్తులో, పంటు ఒక ఎత్తులో ఉంటాయి. నీళ్లు తగ్గితే ఇసుకలో చాలా దూరం నడవాలి. చివర్లో వాలుగా వేసిన బల్ల మీద కాలు ఆనించుకుంటూ పోవాలి.

రెండేళ్ల కిందట అమ్మ ఆ బల్ల మీదే జారి పడింది. మణికట్టు విరిగింది. అసలే మోకాళ్లు అరిగి ఉన్నాయి. అప్పటినుంచి ఆవిడ రేవు మొహం చూడలేదు. రాజమండ్రి ఆసుపత్రికి వెళ్లాలంటే రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి తీసుకెళుతున్నాను. పెళ్లిళ్లకీ పేరంటాలకీ రావడం మానేసింది. "ఎందుకురా మీకు శ్రమ" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమనేది.

మా చెల్లెలు కొచ్చిలో ఇన్ఫోపార్కు అనే ఐటీ పార్కులో ఉద్యోగం చేస్తోంది. "అమ్మని తీసుకురా అన్నయ్యా, ఇక్కడ నీళ్ల మీద మెట్రో ఉంది, చూపిస్తాను" అని ఏడాదిగా పోరుతోంది. పడవ అనగానే అమ్మ ఒప్పుకోలేదు. "ఎక్కడం నీకు కష్టం అయితే ఎక్కొద్దు, చూసి వచ్చేద్దాం" అని చెల్లి ఫోన్లో మాటిచ్చాక సరేనంది. మొన్న ఫిబ్రవరిలో రాజమండ్రిలో బొకారో ఎక్కాం. అసలు పేరు ధన్‌బాద్ - అలెప్పీ ఎక్స్‌ప్రెస్ అయినా మావైపు అందరికీ అది బొకారోనే. ఒక రోజు పైనే ప్రయాణం. పాలక్కాడు దాటాక కిటికీలోంచి కొబ్బరితోటలు, అరటి బోదెలు, మధ్యలో పెంకుటిళ్లు కనిపిస్తుంటే అమ్మ మొహం విప్పారింది. "మన అంబాజీపేట లాగే ఉందిరా" అంది. కోనసీమని చూసినవాళ్లు కేరళ గుర్తొచ్చిందంటారు. అమ్మకి కేరళని చూస్తే కోనసీమ గుర్తొచ్చింది.

ఎర్నాకుళం జంక్షన్‌లో దిగాం. చెల్లి స్టేషన్‌కే వచ్చింది. ఎర్నాకుళం సౌత్ మెట్రో స్టేషన్ నడిచే దూరంలోనే ఉంది. అమ్మని లిఫ్టులో పైకి తీసుకెళ్లాం. టికెట్ కౌంటర్లో ఉన్నవాళ్లందరూ ఆడవాళ్లే. కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల సభ్యులు ఇక్కడి స్టేషన్లలో చాలా పనులు చూస్తారని చెల్లి చెప్పింది. 2017 జూన్‌లో ఈ మెట్రో మొదలైనప్పుడు ట్రాన్స్‌జెండర్లకి కూడా ఉద్యోగాలిచ్చారట. అమ్మ పాతికేళ్లుగా డ్వాక్రా సంఘంలో ఉంది. "అంటే మన డ్వాక్రా వాళ్లే రైలు స్టేషన్ నడుపుతున్నట్టా?" అని ఆగి, కౌంటర్లో ఉన్న అమ్మాయిని కాసేపు అలాగే చూసింది.

కడవంత్ర, ఎలంకుళం, ఆ తర్వాత వైటిల. నేను ఈ యాత్రలో అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడి చూసింది వైటిలనే. అక్కడ ఒక పెద్ద బస్ స్టాండు ఉంది, మొబిలిటీ హబ్ అంటారు, 2011లో తెరిచారు. మెట్రో వైటిలకి చేరింది 2019లో, నీళ్ల మెట్రో వచ్చింది 2023లో. పన్నెండేళ్లలో ఒక్కొక్కటీ తెచ్చి ఒకే చోట కలిపారు. బస్సు దిగినవాడు రైలెక్కొచ్చు, రైలు దిగినవాడు పడవెక్కొచ్చు, నడిచేది కొద్ది నిమిషాలు. మా దగ్గర బస్ స్టాండు ఒక మూల, రైల్వే స్టేషన్ ఒక మూల, రేవు ఇంకో మూల. ఈ మూడింటినీ ఆటోవాళ్లే కలుపుతారు. వాళ్లు అడిగినంత ఇవ్వలేనివాళ్లు నెత్తిన సంచి పెట్టుకుని నడుస్తారు.

వాటర్ మెట్రో టెర్మినల్ లోపల మెట్రో స్టేషన్ లాగే ఉంది. చెల్లి ఆఫీసు ఉన్న కాకనాడ్‌కి మనిషికి 30 రూపాయలు. టికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, దాన్ని చూపిస్తే గేటు తిరుగుతుంది. గేటు ఒక్కొక్కరినీ లెక్కపెడుతుంది. పడవకి నూరు మంది అంటే నూరు మందే. యాభై మంది కూర్చోవచ్చు, మిగతావాళ్లు నిలబడాలి. నూటొకటో మనిషికి గేటు తెరుచుకోదు.

ఆ గేటు దగ్గర నాకు కాళ్లు కదలలేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదారిలో మునిగిన లాంచీ గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది జూలైలో పశువుల్లంక దగ్గర, కడుతున్న వంతెన స్తంభానికి పడవ తగిలి తిరగబడినప్పుడు, బడి నుంచి ఇంటికి వస్తున్న ఆడపిల్లలు కొట్టుకుపోయారు. కొచ్చి కూడా ఇలాంటిది చూసింది. 2015 ఆగస్టులో ఫోర్ట్ కొచ్చి దగ్గర, ప్రయాణికుల పడవని చేపల పడవ గుద్దితే పదకొండు మంది పోయారు. పడవలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టే గేటు నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

గేటు దాటాక వాలుగా ఒక నడక దారి, దాని చివర పాంటూన్. అంటే నీళ్ల మీద తేలే వేదిక. అమ్మ అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. అలవాటు కొద్దీ ఎడం చేత్తో చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని, కుడి చెయ్యి నా వైపు చాచింది. నేను పట్టుకునే లోపల ఆవిడ కిందికి చూసింది. పడవ నేల, వేదిక నేల ఒకే మట్టంలో ఉన్నాయి. ఆ రెంటి మధ్య సందు మీద ఒక రేకు వేసి ఉంది. మెట్టు లేదు, వాలు లేదు. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, కుచ్చెళ్లు వదిలేసి, నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. మా వెనకే చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ వచ్చి, అమ్మ పక్కన ఆగాడు. ఎవరూ ఆయన్ని ఎత్తలేదు, సాయం పట్టలేదు.

"గడప దాటినట్టే ఉందే" అంది అమ్మ చెల్లితో.

అదెలా సాధ్యమని నేనడిగితే చెల్లి రెండు అరచేతులు పక్కపక్కన పెట్టి చూపించింది. కొచ్చి బ్యాక్‌వాటర్స్‌లో, అంటే సముద్రంతో కలిసిన ఆ నీళ్లలో, పోటు, పాటు రోజూ ఉంటాయి. సిమెంటు జెట్టీ కదలదు, పడవ పైకీ కిందికీ పోతుంది, అందుకే పాత జెట్టీల్లో ఒక పూట మెట్టు ఎక్కాలి, ఇంకో పూట దిగాలి. ఇక్కడ జెట్టీయే తేలుతుంది. నీళ్లు లేస్తే రెండూ కలిసి లేస్తాయి, దిగితే కలిసి దిగుతాయి. ఒడ్డుకీ వేదికకీ మధ్య ఉన్న నడక దారి వాలు మాత్రం కొంచెం మారుతుంది. చెల్లి రెండు చేతులూ కలిపి పైకి లేపింది, కిందికి దించింది. అమ్మ కళ్లార్పకుండా చూసింది.

పడవ కదిలినట్టే తెలియలేదు. ఇంజను మోత లేదు, డీజిల్ వాసన లేదు. బ్యాటరీ మీద నడుస్తుంది. టెర్మినల్‌లో జనం ఎక్కి దిగే సమయంలోనే పది పదిహేను నిమిషాల్లో ఛార్జింగ్ అయ్యే రకం బ్యాటరీలు. కొచ్చి షిప్‌యార్డులోనే కట్టారు. జర్మనీకి చెందిన కేఎఫ్‌డబ్ల్యూ బ్యాంకు అప్పిచ్చింది. దారిలో రెండు పక్కలా మడచెట్లు, నీళ్ల మీద గుర్రపుడెక్క. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో అమ్మే వెతికి చూసుకుంది. ఇరవై నిమిషాలు దాటాక కాకనాడ్ వచ్చింది. అక్కడ బయట ఇన్ఫోపార్కుకి ఎలక్ట్రిక్ బస్సు. "ఇదివరకు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆఫీసుకి ఎప్పుడు చేరతానో అని రోజూ టెన్షన్" అంది చెల్లి. "పడవ వచ్చినా మొదట్లో బస్సు లేదు, దిగాక మళ్లీ ఆటో కోసం చూడాలి. ఈ బస్సు వచ్చాకే నాకు సుఖం." ఆ మాట ఆ రాత్రి నా నోటు పుస్తకంలో రాసుకున్నాను.

మర్నాడు వైపిన్ దీవికి వెళ్దామనుకున్నాం. అక్కడ నాకు నచ్చనిదీ కనిపించింది. వైపిన్ పడవ హైకోర్టు టెర్మినల్ నుంచి బయల్దేరుతుంది. కానీ రైలు మెట్రో అక్కడికి రాదు. ఎంజీ రోడ్ స్టేషన్‌లో దిగి కిలోమీటరు పైనే పోవాలి. నడుద్దామంటే కొన్నిచోట్ల ఫుట్‌పాత్ పలక కదులుతోంది, ఇంకోచోట పలకే లేదు, కింద కాలువ కనిపిస్తోంది. అమ్మ రెండు చోట్ల రోడ్డు మీదికి దిగి నడవాల్సి వచ్చింది, ఆవిడ పక్కనించే బస్సులు రయ్యిన పోతున్నాయి. సగం దూరంలో ఆటో ఎక్కాం. అంత చక్కటి పడవ దగ్గరికి మోకాళ్ల నొప్పులున్న మనిషి నడిచి చేరలేకపోతే ఏం లాభం అని నాకు కోపం వచ్చింది. వైటిలలో పట్టిన శ్రద్ధ ఇక్కడా పట్టాల్సింది.

పడవ మాత్రం అదే పద్ధతి, అదే మట్టం, 20 రూపాయలు. పక్క సీట్లో నగరంలో పనికి వెళ్లి తిరిగొస్తున్న ఒక వైపిన్ ఆవిడ కూర్చుంది. చెల్లి మలయాళంలో పలకరించి మాకు చెప్పింది. 2004లో గోశ్రీ వంతెనలు వచ్చేవరకూ నగరానికి పోవాలంటే వాళ్లకి పడవే గతి. వంతెనలు వచ్చాక కూడా వైపిన్ ప్రైవేటు బస్సులు చాలా ఏళ్లు హైకోర్టు జంక్షన్‌లోనే ఆగిపోయేవి, నగరంలోకి పోవాలంటే దిగి ఇంకో బస్సు ఎక్కాలి, ఇంకో టికెట్ కొనాలి. "వంతెన కట్టినా మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టారు" అందట ఆవిడ. ఇప్పుడు పడవలో కూర్చుంటే ఒళ్లు నలగదు, కానీ రోజూ రానూ పోనూ ఈ డబ్బు పెట్టడం బరువే అని కూడా అంది.

అది నిజమే. తిరిగి వచ్చేటప్పుడు నేనొక్కణ్ణే పాత ప్రభుత్వ బోటు ఎక్కి చూశాను. దాంట్లో టికెట్ చాలా తక్కువ. ఎర్నాకుళం బోటు జెట్టీ దగ్గర దిగేటప్పుడు బోటుకీ మెట్టుకీ మధ్య జానెడు సందు, కింద నల్లటి నీళ్లు. తాడు విసిరిన కుర్రాడే ఒక ముసలామె మోచెయ్యి పట్టి దింపాడు. ఆ కుర్రాడు మంచివాడు. కానీ ఆ ముసలామె రోజూ ఆ చెయ్యి దొరుకుతుందా అని ఎదురుచూడాలి. తక్కువ డబ్బున్నవాళ్లకి సందు ఉన్న పడవ, కాస్త ఎక్కువ పెట్టగలిగినవాళ్లకి సందు లేని పడవ అయితే అది సరి కాదు. టికెట్ తగ్గించి అయినా అందరికీ ఆ మట్టం అందాలి. మొత్తం 38 టెర్మినళ్లు, 78 పడవలు, 10 దీవులు అన్నది వాళ్ల ప్రణాళిక. ఇప్పటికి నడుస్తున్నవి అందులో కొన్నే. మిగతా దీవుల్లో ఎంతమంది అమ్మలు చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారో.

మూడో రోజు అమ్మే అడిగింది, "ఆ పడవ ఇంకోసారి ఎక్కుదామా?" అని. రెండుసార్లు ఎక్కాం.

రాజమండ్రిలో దిగాక నేను రావులపాలెం బస్సు కోసం చూస్తుంటే, "కోటిపల్లి బస్సే ఎక్కరా, చూద్దాం" అంది. నాకు నోట మాట రాలేదు. కోటిపల్లిలో దిగి, సోమేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని, రేవులోకి నడిచాం. నీళ్లు తగ్గి ఉన్నాయి. ఇసుకలో అమ్మ చెప్పులు చేత పట్టుకుని నెమ్మదిగా నడిచింది. బల్ల దగ్గర ఒక పక్క నేను, ఒక పక్క పాలక్యాన్ల కుర్రాడు పట్టుకున్నాం. ఎక్కింది. ఎక్కాక కాసేపు ఆయాసపడింది.

పంటు కదిలాక, దాన్ని నడిపే సరంగుని పిలిచింది. "బాబూ, కొచ్చిలో జెట్టీయే నీళ్ల మీద తేలుతుంది, తెలుసా" అని రెండు అరచేతులు పక్కపక్కన పెట్టి, రెండూ కలిపి పైకి లేపింది, కిందికి దించింది.

సరంగు శ్రద్ధగా చూశాడు. "ఆయ్, బాగుందండి. కానీ అక్కడ సముద్రం పోటు కదండీ, రోజుకి కొంచెమే తేడా. ఇక్కడ వరదకీ వేసవికీ గోదారి ఎంత లేస్తుందో మీకు తెలియందేముంది. ఇసుక మేట ఏడాదికో చోట పడుతుంది, రేవే జరిగిపోతుంది."

అమ్మ ఒడ్డు వైపు చూసింది. మేము నడిచి వచ్చిన ఇసుక అంతా ఎండలో మెరుస్తోంది.

"అయితే ఆ తేలేదాన్ని లాక్కుపోవడానికి వీలుగా కట్టాలి. ఒడ్డు దాకా బల్ల పొడుగ్గా వెయ్యాలి. రెండు పక్కలా పట్టుకోడానికి కడ్డీ పెట్టాలి" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ నోటు పుస్తకంలో ఇది కూడా రాసుకో" అంది.