కాలువ వెంబడి ఒక ఆదివారం

ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

పరీక్షల చదువు మొదలయ్యేలోపు ఒక్క రోజు ఎక్కడికైనా వెళ్దామని పిల్లలు పట్టుబట్టినప్పుడు, మా మామయ్యగారు వేసిన పథకం ఇది. "దూరాలు ఎందుకమ్మాయ్, ధవళేశ్వరంలో గోదారిని వదిలిన నీళ్లు ఎక్కడెక్కడికి వెళ్తాయో వాటి వెంట మనమూ వెళ్దాం. దారిలో వింతలు వాటంతట అవే వస్తాయి" అన్నారు. వ్యవసాయం చేసినన్నాళ్లూ కాలువ నీటి వంతు కోసం ఎదురుచూసిన మనిషి ఆయన. మా వారు వెంటనే ఒప్పుకున్నారు. నేను తెల్లవారకముందే లేచి పులిహోర, దద్దోజనం కట్టాను.

రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం చేరేసరికి పొద్దు పొడిచింది. అక్కడ నది గౌతమిగా, వసిష్ఠగా చీలే చోట 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించాడు. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీని 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తిచేశారు. నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు. మధ్యలో లంకలు అడ్డం రావడం వల్ల ఇది ఒకే వంతెనలా కనిపించదు. ఒక ముక్క దాటి, కాసేపు నేల మీద వెళ్లి, మళ్లీ ఇంకో ముక్క ఎక్కాలి. ఒకే నదిని ఇన్నిసార్లు దాటడం చిన్నవాడికి ఎంతో నచ్చింది.

తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర కాలువలు మొదలవుతాయి. మేం పట్టుకున్నది బొబ్బర్లంక కాలువను. అక్కడి నుంచి రోడ్డు చాలాచోట్ల కాలువ గట్టు మీదే సాగుతుంది కాబట్టి, ఒకవైపు నిండుగా పారే నీళ్లు, ఇంకోవైపు దాళ్వా (రెండో పంట) వరిచేలు, అరటితోటలు చూస్తూ వెళ్లవచ్చు. ఊళ్లలో గుర్రం మీద కూర్చున్న కాటన్ విగ్రహాలు ఎదురవుతుంటే మొదట్లో పెద్దమ్మాయి లెక్కపెట్టింది, తర్వాత మానేసింది. పరాయి దేశం నుంచి పాలించడానికి వచ్చిన ప్రభుత్వంలో పనిచేసిన ఒక ఇంజనీరుకు రైతులు తమ డబ్బుతో విగ్రహాలు పెట్టుకోవడం, గోదావరి స్నాన సంకల్పంలో ఆయనను భగీరథుడని తలచుకునే పురోహితులు ఉండడం మన దేశంలో ఇంకెక్కడైనా ఉందో లేదో గాని, ఈ విగ్రహాలను దారి గుర్తులుగా మాత్రమే చూసి వెళ్లిపోవడం నాకు న్యాయంగా తోచదు. ఒక విగ్రహం మెడలో నిన్నటి బంతిపూల దండ ఇంకా ఉంది. ఎవరు వేశారని అడిగితే అక్కడి టీ కొట్టాయన "రైతులేనండీ, ఎవరికి తోస్తే వారు వేస్తారు" అన్నాడు.

ఆత్రేయపురంలో ఒక ఇంటి వసారాలో పూతరేకులు తీయడం చూశాం. జయ రకం బియ్యం నానబెట్టి, పాలలా పలచగా రుబ్బిన పిండిలో పలుచని గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద అలా పరిచి ఇలా లాగేస్తే, కుండకు అంటిన పూత క్షణంలో ఆరి రేకై లేచి వస్తుంది. కుండ కింద ఎండు కొబ్బరి ఆకుల మంట. మంట కొంచెం ఎక్కువైతే రేకు మాడిపోతుంది, తక్కువైతే లేవదు. ఆవిడ మాతో మాట్లాడుతూనే, కళ్లు మాత్రం మంట మీద నుంచి తిప్పకుండా, చేత్తో ఆకులు ఎగదోస్తూ రేకు వెంట రేకు తీస్తోంది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు సంగతి సరే, ఆ పొగ ముందు గంటల తరబడి కూర్చునే ఆడవాళ్ల చేతికి అందేది ఎంత అన్నదే నా మనసులో మెదిలింది. అడగడానికి నోరు రాలేదు. బెల్లం పూతరేకులు రెండు పెట్టెలు తీసుకున్నాం.

లొల్ల లాకుల దగ్గర చాలాసేపు ఆగాం. సినిమాల్లో చూసిన చోటని పిల్లలు ఫొటోలు తీసుకుంటుంటే, మామయ్యగారు మాత్రం లాకు పని చేసే తీరు వివరించడానికి సిద్ధపడ్డారు. పైకాలువ మట్టం ఎక్కువ, కింది కాలువ మట్టం తక్కువ. పడవను మధ్య గదిలోకి రానిచ్చి వెనక తలుపు మూసి, నీళ్లను మెల్లగా వదులుతూ మట్టం సరిచేసి, అప్పుడు ముందు తలుపు తీస్తారు. "మా చిన్నతనంలో ధాన్యం, కొబ్బరికాయలు వీటిమీదే పోయేవి. గాలి లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవను లాగేవారు" అని ఆయన చెప్పారు. ఇప్పుడు పడవల జాడ లేదు, మూలల్లో గుర్రపుడెక్క పేరుకుని ఉంది. కాలువ ఇక్కడ పాయలుగా విడిపోతుంది, వాటిలో ఒకటి గన్నవరం వైపు వెళ్లేది. మేం ఇకపై వెళ్లాల్సింది దాని వెంటే అని తాతయ్య చూపించగానే, చిన్నవాడు ఒక అరటిదొప్పను నీళ్లలో వదిలి, "తాతయ్యా, అది గన్నవరంలో మనకంటే ముందు ఉంటుందా?" అని అడిగాడు. ఆయన నవ్వలేదు. ప్రవాహం వేగం, దారిలోని తూములు, లాకులు అన్నీ ఆలోచించి, మనమే ముందు చేరతామని చెప్పారు.

మధ్యాహ్నం గుడి మూసేలోపు ర్యాలి అనే ఊరు చేరాలని కొంచెం తొందరపడ్డాం. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే నల్లరాయి. ముందు నుంచి చూస్తే విష్ణువు, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తే మోహిని. అర్చకులు దీపం పట్టి ఒక్కొక్కటే చూపించారు: చేతి వేళ్ల గోళ్లు, వెనక జడముడి, పిక్క మీది పుట్టుమచ్చ, పాదాల దగ్గర ఎప్పుడూ ఊరే నీరు. పుట్టుమచ్చ కనిపించగానే పెద్దమ్మాయి ఊపిరి బిగపట్టింది. దేవుణ్ణి వెనక నుంచి చూడటానికి కూడా అంత శ్రద్ధగా చెక్కిన శిల్పి పేరు ఎవరికీ తెలియకుండా పోయిందే అని నాకు బాధ కలిగింది.

ఇక పి.గన్నవరం. ఈ ప్రయాణంలో నేను నిజంగా చూడాలనుకున్నది ఇదే. లొల్ల నుంచి వచ్చిన కాలువ ఇక్కడ వైనతేయ నదికి అడ్డంగా, నదికి పైన వెళ్తుంది. వసిష్ఠ నుంచి చీలిన వైనతేయకు అవతల ఉన్న రాజోలు ప్రాంతం ఒక దీవి. చుట్టూ నదీ, సముద్రమూ ఉన్నా, పొలానికి పెట్టే నీళ్లు మాత్రం నది దాటి రావాలి. అందుకే 1850లలోనే 49 కమానుల మీద ఒక అక్విడెక్టు కట్టి కాలువను నది నెత్తి మీదుగా దాటించారు. తర్వాత దాని పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1909లో కన్నుమూసేవరకు, లంకల గన్నవరంలో తన ఇంటికి ఏ వేళ ఎవరు వచ్చినా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. పొలాలకు నీళ్లు మోసే కట్టడానికి ఆవిడ పేరు పెట్టడం కంటే తగిన పని నాకు తోచలేదు.

అక్కడ నిలబడితే కింద ఇసుక మేటల మధ్య సన్నగా పారుతున్న నది, పైన నిండా వెళ్తున్న కాలువ. రెండు నీళ్లూ ఒకే గోదావరివి, ధవళేశ్వరంలో విడిపోయినవి. ఒకటి తన దారిన సముద్రానికి వెళ్తుంది, ఇంకోటి మనిషి చెప్పిన దారిన చేనుకు వెళ్తుంది. మామయ్యగారు పాత కమానుల ఇటుకలను, సున్నాన్ని చేత్తో తడిమి చూశారు. ఇన్ని వరదలు, ఇన్ని తుఫానులు వాటిని దాటి వెళ్లాయి. మా వారు సాధారణంగా ఇలాంటి చోట్ల ఫోను చూసుకుంటూ ఉంటారు. ఈసారి ఆయనే, కాలువ బరువును, నీటి బరువును కమానులు ఎలా పంచుకుంటాయో పెద్దమ్మాయికి ఇసుకలో గీసి చూపించారు. మేం ఆగిన చోట దీని కథ చెప్పే బోర్డు ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. దారిన పోయే బస్సుల్లోని వాళ్లకు ఇది మామూలు వంతెన. ఒక చిన్న మంటపం, నాలుగు పంక్తుల పలక, పిల్లలు భయం లేకుండా నిలబడటానికి ఒక కటకటాల గట్టు ఉంటే ఎంత బాగుండేదో.

గట్టు మీద కొబ్బరి నీడలో భోజనం చేసి బయలుదేరాం. అంబాజీపేటలో కొబ్బరి రాశులు చూస్తూ వెళ్లిపోయాం, అమలాపురం, ముమ్మిడివరం దాటి ఎదుర్లంక వంతెన మీదుగా గౌతమి దాటి యానాంలో దిగాం. 1954 వరకు ఫ్రెంచివారి చేతిలో ఉండి, నేటికీ పుదుచ్చేరిలో భాగమైన ఈ ఊళ్లో ఈఫిల్ టవర్‌ను పోలిన సుమారు 100 మీటర్ల గోపురం ఉంది. నది ఒడ్డున భారతమాత, ఏసుక్రీస్తు విగ్రహాలు, శివలింగం మీద తొండాలతో నీళ్లు చిమ్మే ఏనుగులు ఉన్నాయి. పిల్లలకు ఏనుగులు నచ్చాయి. నాకు మాత్రం, కొబ్బరి చెట్ల మధ్య నుంచి ఆ ఇనుప గోపురం పైకి లేవడం చూస్తే, ఒక చిన్న ఊరు తన ప్రత్యేక చరిత్రను ఎవరూ మరచిపోకూడదని గట్టిగా కోరుకున్నట్టు అనిపించింది. ఆ కోరిక మీద నాకు గౌరవం కలిగింది. అయినా రెండింటిలో ఏది మళ్లీ చూస్తావంటే గన్నవరమే అంటాను.

ద్రాక్షారామంలో దర్శనం మాత్రం చేసుకుని, మండపేట మీదుగా కడియం చేరేసరికి సాయంత్రమైంది. నర్సరీల ముందు పూలకుండీలను పేర్చి చేసిన బొమ్మలు, ఇనుప చట్రం మీదుగా మొక్కను పాకించి కత్తిరించి తయారుచేసిన నెమళ్లు, జిరాఫీలు చూడటానికి కార్లు బారులు తీరి ఉన్నాయి. ఒక ఆకారం పూర్తిగా రావడానికి ఏళ్లు పడుతుందని, మధ్యలో కత్తెర ఆపితే ఆకారం చెదిరిపోతుందని అక్కడి పనివాడు చెప్పాడు. మామయ్యగారు పనస అంటు ఒకటి బేరమాడి కొన్నారు. "ఆయ్, మీకోసం ఒక సంపంగి కూడా పెడతానండీ" అని ఆ కుర్రాడు చిన్న మొక్కను తోడు పెట్టాడు.

ఇంటికి వస్తూ మామయ్యగారు అన్న మాట ఇది: "గన్నవరం దాటిన నీళ్లు శివారు దాకా అందుతున్నాయో లేదో చూడకుండా ఈ ప్రయాణం పూర్తికాదు." శివారు రైతుల గోడు ఆయనకు తెలుసు. పై వాళ్లు కొంచెం ఎక్కువ తీసుకుంటే చివరి చేను ఎండిపోతుంది. అందుకని పిల్లల పరీక్షలు అయిన వారమే, వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేయకముందే, నరసాపురం రేవులో కారుతో సహా పంటు (నది దాటించే బల్లకట్టు) ఎక్కి సఖినేటిపల్లిలో దిగి, అక్కడి నుంచి కాలువ వెంట అంతర్వేది దాకా వెళ్లాలని నిర్ణయించుకున్నాం. పంటు వేళలు కనుక్కునే పని మా వారిది.