ప్లాట్ అమ్మిన పెద్దాయన, రెండు కోట్లు: వెల్త్ మేనేజ్‌మెంట్ ఇంటర్వ్యూకి వెళ్లేముందు

హైదరాబాద్‌లో బంజారాహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో, డబ్బున్నవాళ్ల పెట్టుబడులు చూసిపెట్టే వెల్త్ మేనేజ్‌మెంట్ ఆఫీసులో ఫ్రెషర్‌ని తూచడానికి మంచి ప్రశ్న ఒకటుంది. "శంకర్‌పల్లి వైపు ప్లాట్ అమ్మిన ఒక పెద్దాయన సేవింగ్స్ ఖాతాలో రెండు కోట్లు ఉన్నాయి. ఏం చేయమంటావ్?"

చాలామంది వెంటనే అందుకుంటారు: 60 శాతం ఈక్విటీ (షేర్లు), 30 డెట్ (బాండ్లు), 10 బంగారం. మార్కులు పోయేది ఇక్కడే. ఆ రెండు కోట్లలో ఆయనది ఎంత, పన్నుకి పోయేది ఎంత అన్నది ఇంకా తేలనే లేదు.

ముందు తేదీలు అడగండి. ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు అమ్మారు? కొని 24 నెలలు దాటితే దీర్ఘకాలిక లాభం, పన్ను 12.5 శాతం. 2024 జులై 23కి ముందు కొన్నదైతే, ఇక్కడ నివసించే వ్యక్తికి ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి) 20 శాతం లెక్క కూడా వేసి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) అయిందా, ఇంకా పొలమేనా అన్నది కూడా అడగాలి. గ్రామీణ వ్యవసాయ భూమి అయితే క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మితే వచ్చిన లాభం) మీద పన్నే ఉండదు.

తర్వాత ఆయన ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నారేమో కనుక్కోండి. రెండేళ్లలో కొంటే, లేదా మూడేళ్లలో కట్టుకుంటే మినహాయింపు ఉంది. పూర్తిగా రావాలంటే లాభం ఒక్కటే పెడితే చాలదు, ప్లాట్ మీద వచ్చిన మొత్తం పెట్టాలి. రిటర్న్ గడువులోపు ఖర్చు కాని డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో ఉండాలి. ఇది తెలియక గడువు దాటాక కూడా దాన్ని ఫండ్‌లోనే ఉంచారంటే, రాబడి ఎంత బాగున్నా మినహాయింపు చేజారుతుంది. ఇల్లు వద్దనుకుంటే ఈ లాభం మీద పన్ను మినహాయింపు ఇచ్చే 54ఈసీ బాండ్లున్నాయి: అమ్మిన ఆరు నెలల్లోపు, 50 లక్షల వరకు, ఐదేళ్లు కదలదు. ఇవన్నీ తేలేదాకా డబ్బు లిక్విడ్ ఫండ్‌లో (ఎప్పుడైనా తీసుకోగల, రిస్క్ తక్కువున్న ఫండ్) ఉంచుతానని, ఈక్విటీకి వెళ్లే వాటాని ఎస్‌టీపీలో, అంటే ఒక ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కి వాయిదాల్లో మార్చే పద్ధతిలో, నెలనెలా పంపుతానని చెప్పండి. ఎన్ని నెలలని అడిగితే అంకెతో పాటు కారణం కూడా చెప్పగలగాలి.

ఆ తర్వాత ప్యానెల్‌లో ఒకరు తానే క్లయింట్ అయిపోతారు. "బాబూ, ఎఫ్‌డీలో ఏడు శాతం వస్తోంది. నీ ఫండ్‌లో అసలుకి ఢోకా లేదు గదా?"

"ఏం ఢోకా లేదు సర్" అన్నారంటే అయిపోయినట్టే. ఇలా చెప్పాలి: "ఉంటుంది సర్. 2020లో జనవరి మధ్య నుంచి మార్చి 23 దాకా నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. రెండు కోట్లూ అందులోనే ఉంటే కోటీ పాతిక లక్షల దాకా దిగేవి. అందుకే రెండు మూడేళ్లలో మీకు కావాల్సిన డబ్బు అటు పెట్టొద్దంటున్నా." అని ఆగిపోండి. ఆయన మాట్లాడేదాకా ఆగగలగడం ఈ పనిలో పెద్ద నైపుణ్యం.

లెక్కలు చేత్తో వేయడం నేర్చుకోండి. 10 లక్షలు ఐదేళ్లలో 15 లక్షలైతే ఏడాదికి 10 శాతం కాదు, చక్రవడ్డీ లెక్కన 8.45. నెలనెలా వాయిదాల్లో పెట్టే సిప్‌కి ఈ లెక్క పనికిరాదు, ప్రతి వాయిదా తేదీనీ లెక్కలోకి తీసుకునే రాబడి రేటు ఎక్స్‌ఐఆర్‌ఆర్ చూడాలి. ఒక్కో వాయిదా ఒక్కో కాలం పాటు పనిచేసింది కాబట్టి. డెట్ ఫండ్ డ్యూరేషన్ (వడ్డీ రేట్ల మార్పుకి అది ఎంత కదులుతుందో చెప్పే కొలత) ఏడేళ్లుంటే, వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగినప్పుడు దాని విలువ సుమారు ఏడు శాతం పడుతుంది. డెట్ అంటే నష్టమే రాదు అనేవాళ్లని ఈ ఒక్క ప్రశ్నతో పట్టేస్తారు.

మ్యూచువల్ ఫండ్లు అమ్మడానికి కావాల్సిన ఎన్‌ఐఎస్‌ఎం ఐదు-ఏ పరీక్ష ముందే రాసి వెళ్లండి. 100 ప్రశ్నలు, రెండు గంటలు, 50 మార్కులొస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. పీఎంఎస్‌కి (క్లయింట్ పేరు మీదే విడిగా నడిపే పోర్ట్‌ఫోలియో) కనీసం 50 లక్షలు, ఏఐఎఫ్‌కి (మామూలు మ్యూచువల్ ఫండ్ కాని ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధి) కోటి అన్నవి నాలుక మీద ఉండాలి. ఈ ఊళ్లో పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలు చాలా ఎక్కువ కాబట్టి ఎన్‌ఆర్‌ఐ సంగతులు తప్పనిసరి: ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో (విదేశీ సంపాదన కోసం) డబ్బు స్వేచ్ఛగా బయటికి వెళ్తుంది, ఎన్‌ఆర్‌ఓ (ఇక్కడి ఆదాయం కోసం) నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకే. అమెరికాలో ఉండేవాళ్ల డబ్బుని ఫాట్కా (అమెరికా పన్ను సమాచార చట్టం) వల్ల కొన్ని ఫండ్ హౌస్‌లు తీసుకోవు.

"నీకు తెలిసినవాళ్లలో ఎంతమంది ఖాతాలు తెస్తావ్?" అని అడిగితే అంకెలు పెంచి చెప్పకండి, అవే రేపు టార్గెట్ అయి కూర్చుంటాయి.

చివర్లో "మీరేమైనా అడుగుతారా" అన్నప్పుడు మాత్రం మొహమాటపడొద్దు. పాత క్లయింట్ల బుక్ (ఇప్పటికే ఉన్న ఖాతాలు) ఇస్తారా, అంతా కొత్తగా తెచ్చుకోవాలా? టార్గెట్ జీతానికి ఎన్ని రెట్లు? అందులో ఇన్సూరెన్స్ వాటా ఎంత? సగం దాటిందంటే బాగా ఆలోచించుకోండి. ఆ పెద్దాయన చేత పదేళ్ల పాలసీ మీద సంతకం పెట్టించమని నెలాఖరున ఒత్తిడి వచ్చేది మీ మీదికే.