నెర్రె మీద దెబ్బ

గొడ్డలి మామిడి మొద్దులో దిగబడిపోయింది. లాగితే రాదు, కొడితే ఇంకా దిగదు. పర్లాకిమిడి చలిలో, పొద్దున్నే చొక్కా తడిసిపోయింది.

పక్కింటి తాతగారు వచ్చి, మొద్దు కోసిన ముఖం మీద వేలితో చూపించారు. ఎండేకొద్దీ నడిమి నుంచి అంచు దాకా సన్నటి నెర్రెలు పడతాయి. "ముడి మీద కాదు బాబూ, ఈ నెర్రె మీద వెయ్యి. కాళ్లు ఎడంగా పెట్టు."

నాలుగో దెబ్బకి టప్‌మని రెండు ముక్కలైంది. ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది! లోపల ఇంకా పచ్చిగానే ఉంది, ఇప్పుడే పొయ్యిలో పెడితే అంతా పొగే. చూరు కింద గాలి ఆడేలా పేర్చాను.

ఇన్నేళ్లూ అమ్మ వేడినీళ్ల కాగు కింద రోజుకి ఎన్ని పేళ్లు పెడుతుందో ఒక్కసారీ చూడలేదు. ఈరోజు నేను చీల్చినవి 11.

అరచేతిలో రెండు బొబ్బలు. రేపు చింత మొద్దు.